కాలని మిల్లు

చార్లెస్ బేజ్ చదువుకున్న ఇంజనీరు కాదు. ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో వైన్ వ్యాపారి, సర్వేయరు. ఆ ఊరి పక్కన డిథరింగ్టన్‌లో అవిసె నార వడికే మిల్లుకి ఆయన వేసిన డిజైను 1797లో కట్టడమైంది. ఐదంతస్తులు. స్తంభాలూ దూలాలూ పోత ఇనుము, దూలాల మధ్య ఇటుక కమానులు. ఇనుప చట్రంతో లేచిన మొదటి భవనం అదే. ఆకాశహర్మ్యాలకి తాతగారని అంటుంటారు.

అప్పటి మిల్లుల్లో చెక్క నేలలు నూనె పీల్చుకుని ఉండేవి, గాల్లో నార దుమ్ము, వెలుతురుకి మంట. అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు. 1791లో లండన్‌లో ఆల్బియన్ మిల్లు కాలిపోవడం అందరూ చూశారు. డెర్బీలో విలియమ్ స్ట్రట్ అప్పటికే ఇనుప స్తంభాలు నిలబెట్టాడు కానీ దూలాలు చెక్కవే, పైన గచ్చు పూత. బేజ్ ఆ చెక్కని కూడా తీసేశాడు. దూలం ఎంత బరువు మోస్తుందో లెక్కలు కట్టి స్ట్రట్‌కి ఉత్తరాలు రాశాడు. డిగ్రీ ఉండి కూడా కాలిక్యులేటర్ లేకుండా బీమ్ లెక్క చెయ్యలేని నాకు ఇక్కడ కాస్త అసూయ.

1832లో జొనాథన్ డౌన్ అనే అతను బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. ఏడేళ్ళ వయసులో ఆ ష్రూస్‌బరీ మిల్లులోనే పనికి చేరాడట. ఏ పిల్లాడైనా కునుకు తీస్తే పర్యవేక్షకుడు పిలిచి, కాళ్ళు పట్టుకుని, గది మూలనున్న నీళ్ళ తొట్టెలో ముంచి మళ్ళీ పనికి పంపేవాడట.

తొట్టె కూడా ఇనుముదే.

బేజ్ తప్పేముంది అంటారా? 1804లోనే ఆ మిల్లు వాటా వదిలేశాడు, 1822లో పోయాడు. తొట్టె ఆయన గియ్యలేదు. పైగా ఆ ఇనుము వల్ల పిల్లలు కూడా మంటల్లో పడకుండా బతికారు కదా. నిజమే, ఈ మాట తీసిపారేయలేను. కానీ ఆయన గీసిచ్చి వెళ్ళిపోయినవాడు కాదు, భాగస్వామి. ఆ కాలపు మిల్లుల్లో పిల్లల పని దాచిన సంగతీ కాదు. అంతస్తు మోసే బరువులో ఆ పిల్లల బరువూ ఉంటుంది. దూలం విరగకూడదన్నంత పట్టుదల, వాళ్ళ నిద్ర విషయంలో ఎవరికీ లేకపోయింది.

ఇంత గట్టిగా అడగడానికి నాకో కారణం ఉంది. మూడేళ్ళ క్రితం ఒక క్లయింటుకి, కీబోర్డు మీద చెయ్యి పడకుండా ఎన్ని నిమిషాలు గడిచాయో లెక్కపెట్టే మాడ్యూల్ రాశాను. ఊరికే రిపోర్టు కోసమే అన్నారు. టెస్టింగులో ఒక్క బగ్ రాలేదు, టీమంతా బిర్యానీ తిన్నాం. తర్వాత తెలిసింది, ఆ నిమిషాలకి జీతాల్లో కోత పడుతోందని. బాత్రూముకి వెళ్ళిన నిమిషాలు కూడా అందులోనే.

అది ఇంకా నడుస్తోంది. పోయిన నెల దానికి అప్‌డేట్ పెట్టింది కూడా నేనే.