ఆలన్ విసిరేసిన కత్తి

రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1886లో రాసిన ‘కిడ్నాప్డ్’ గురించి చెప్పుకుందాం. స్కాట్లండ్, 1751. తల్లీతండ్రీ లేని పదిహేడేళ్ల డేవిడ్ బాల్ఫర్ బాబాయి గడప తొక్కుతాడు. ఆస్తి కోసం ఆ బాబాయి చేసింది తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. కటిక చీకట్లో, సగమే కట్టిన బురుజు మెట్లు ఎక్కమంటాడు. మెరుపు మెరవబట్టి అబ్బాయి బతికాడు. ఆ పైన మెట్లే లేవు! ఎత్తు పారకపోయేసరికి, అతన్ని అమెరికాలోని కరొలైనాలో అమ్మేయమని ఓడ కెప్టెన్‌కు అప్పగిస్తాడు.

నాకు మరీ ఇష్టమైనది ఆ తర్వాతి కథ. ఓడలో కలిసిన ఆలన్ బ్రెక్ స్టూవర్ట్ చరిత్రలో నిజంగా ఉన్న మనిషి, 1745లో జార్జి రాజు మీద తిరగబడ్డవాడు. డేవిడేమో ఆ రాజు పక్షం. అయినా, ఒడ్డుకు చేరాక, తమను వెతికే సైనికుల కళ్లుగప్పి ఇద్దరూ కలిసే కొండలు దాటుతారు. దారిలో ఆలన్ పేకాటాడి కుర్రాడి డబ్బంతా పోగొడతాడు. రోజుల తరబడి మాటల్లేవు. చివరికి, ఒంట్లో సత్తువ లేకపోయినా డేవిడ్ కత్తి దూస్తాడు. ఆలన్ కత్తి పట్టాడంటే ఎదురులేనివాడు. ఆ కత్తిని అవతల పారేసి, నావల్ల కాదంటూ కూలబడతాడు. ఎంత గొప్ప ఘట్టమో! డేవిడ్ ఇక నడవలేనంటే, ఆలన్ ఆసరా ఇచ్చి నడిపిస్తాడు.

మొదట పిల్లల పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల ఇది. మీ ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే, వాళ్లతో కూర్చుని చదవండి.