కౌంటరు అవతలి మనిషి

దుకాణంలో సరుకులు కొనేటప్పుడు సెల్‌ఫోనులో మాట్లాడవచ్చునా, కూడదా అన్న ప్రశ్నకు ఒక త్రైమాసిక పత్రికలో పుటలు కేటాయించటం కొందరు మిత్రులకు నవ్వు తెప్పించవచ్చు. ధరలు, నిరుద్యోగం, మతోన్మాదం వంటి సమస్యలు ఎదుట వుండగా ఇదంతా మర్యాదల పుస్తకంలో వుండవలసిన విషయమని వారంటారు. నిన్నమొన్నటి దాకా నేనూ అట్లాగే అనుకున్నాను. మర్యాద అనేది తీరిక గల వర్గాల వ్యాపకమనీ, మనకు కావలసింది న్యాయమే గాని నాజూకుతనం కాదనీ నా నమ్మకం. ఆ నమ్మకాన్ని సవరించుకోవలసిన అవసరం ఎట్లా వచ్చిందో చెప్పటానికే ఈ వ్యాసం.

ముందు బయటి సంగతి ఒకటి చూద్దాం. 2013లో లండన్ శివారు క్రేఫర్డ్‌లోని సెయిన్స్‌బరీ దుకాణంలో ఒక ఉద్యోగిని, ఫోనులో మాట్లాడుతున్న ఖాతాదారుకు బిల్లు వేయ నిరాకరించింది. మాటలు ముగించిన తర్వాతే వేస్తానన్నది. ఖాతాదారు ఫిర్యాదు చేసింది. కంపెనీ ఉద్యోగిని పక్షాన నిలవలేదు. ఖాతాదారుకు క్షమాపణ చెప్పి, పది పౌన్ల విలువ గల కూపన్లు ఇచ్చింది. పత్రికలలో పెద్ద రభస జరిగింది. అమర్యాద చేసింది ఎవరన్న చోటే ఆ రభస అంతా తిరిగింది. నాకు ముఖ్యమనిపించింది అది కాదు. ఆ కౌంటరు దగ్గర మాట్లాడే హక్కూ, మాట్లాడకుండా వుండే హక్కూ రెండూ డబ్బిచ్చేవారివేనని కంపెనీ తీర్పు చెప్పింది. మర్యాద అంటే ఏమిటో నిర్ణయించే అధికారం కూడా కొనుగోలులో భాగమైపోయిందన్నమాట.

ఇక మన దేశం సంగతి. జనంలో సంస్కారం అడుగంటిందని వాపోయేవారు ముందు కొంచెం లెక్కలు చూడటం మంచిది. 1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడటంతో ఇక్కడ సెల్‌ఫోను మొదలయింది. (తొలి మాట ఒక మార్క్సిస్టు నోటి నుంచి వచ్చినందుకు మనం గర్వించనూ అక్కరలేదు, సిగ్గుపడనూ అక్కరలేదు.) అప్పట్లో మనకు వచ్చిన ఫోనుకు కూడా మనమే డబ్బు కట్టుకోవలసి వుండేది. అందుచేత "షాపులో వున్నా, మళ్లీ చేస్తా" అని పెట్టేసేవాళ్లు. 2003లో వచ్చే ఫోన్లు ఉచితమైనాయి. 2016లో జియో రంగంలోకి దిగాక చేసే ఫోన్లూ దాదాపు ఉచితమే అయినాయి. మాట చవక అయ్యేసరికి దాన్ని ఎక్కడ ఆపాలో తెలియకుండా పోయింది. జనం చెడిపోలేదు. నిమిషానికింత అన్న ఖరీదు మనచేత పాటింపజేసిన సభ్యతను, ఆ ఖరీదు పోయాక మనంతట మనం పాటించవలసి వచ్చింది. అందులో మనం తప్పాం.

"మనం" అన్నది మాటవరసకు కాదు. గత ఏప్రిల్‌లో ఒక సాయంకాలం మా వూళ్లో ఒక పెద్ద దుకాణంలో ఇంటికి కావలసిన సరుకులు తీసుకుంటూ, ఒక మిత్రునితో మేడే సభ గురించి ఫోనులో మాట్లాడుతున్నాను. వక్తలెవరు, మైకు ఎవరు మాట్లాడతారు, కరపత్రంలో "అసంఘటిత కార్మికులు" అన్న మాట వుండాలా, అది జనానికి అర్థమవుతుందా – ఇదీ చర్చ. మాట్లాడుతూనే వరసలో నిలబడ్డాను. మాట్లాడుతూనే బుట్ట కౌంటరు మీద పెట్టాను. అవతలి అమ్మాయి ఏదో అడిగింది. సంచి కావాలా అని కాబోలు. తల అడ్డంగా తిప్పాను. మళ్లీ ఏదో అడిగింది. చెయ్యి వూపాను. నోటు ఇచ్చి, చిల్లర అందుకుని, అసంఘటిత కార్మికులను గురించి వాదిస్తూనే బయటికి వచ్చేశాను.

మర్నాడు క్లాసు అయిన తర్వాత ఒక విద్యార్థిని దగ్గరికి వచ్చి, "సార్, నిన్న మీకు బిల్లు వేసింది నేనే. నమస్తే సార్ అన్నాను, మీరు చూడలేదు" అన్నది. ఫిర్యాదుగా కాదు, నవ్వుతూనే. ఏడాదిగా మూడో బెంచీలో కూర్చుని నా పాఠం వింటున్న పిల్ల. కౌంటరు అవతల నిలబడేసరికి ఆమెకు ముఖం లేకుండా పోయింది నాకు.

నాకు చాలా సిగ్గు వేసింది. తర్వాత ఆలోచిస్తే ఆ సిగ్గు కూడా అనుమానించవలసిందే అనిపించింది. ఆమె నా విద్యార్థిని కనుక సిగ్గుపడ్డాను. కాకపోయినట్లయితే ఆ సాయంకాలం నాకు జ్ఞాపకమే వుండేది కాదు.

అమెరికన్ సామాజిక శాస్త్రజ్ఞుడు గోఫ్‌మన్ 1959లో అచ్చయిన పుస్తకంలో, ఎదుట వున్నా లేనట్టే లెక్కకు వచ్చే మనుషులను గురించి రాశాడు. అతను ఇచ్చిన ముఖ్యమైన ఉదాహరణ ఇంటి నౌకరు. మనకు ఇది పుస్తకం చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. పనిమనిషి గిన్నెలు తోముతుండగానే ఇంటి గుట్టంతా మాట్లాడుకునే కుటుంబాలు మనవి. ఇప్పుడు దుకాణాల్లో వినండి: వియ్యాలవారి పేచీలు, స్కానింగు ఫలితాలు, పొలం తగాదాలు, అన్నీ బిల్లు వేసే మనిషి ముఖం ముందే. వరసలో వెనక తెలిసినవాడు కనబడితే గొంతు తగ్గిస్తారు. ఆ అమ్మాయి కోసం ఎవరూ తగ్గించరు.

మనుషుల మధ్య సంబంధం వస్తువుల మధ్య సంబంధంగా కనబడటాన్ని మార్క్స్ 1867లో "పెట్టుబడి" మొదటి సంపుటంలోనే వివరించాడు. ఆ భాగాన్ని నేను విద్యార్థులకు ఉత్సాహంగా చెప్పగలను. ఐతే ఒక జాగ్రత్త అవసరం. నేను తలెత్తి పలకరించినంత మాత్రాన ఆ సంబంధం మారదు. ఆ అమ్మాయి జీతం నయాపైస పెరగదు. దీన్ని పట్టుకుని "వ్యవస్థ మారందే ఈ పలకరింపులన్నీ బూటకం" అనే మిత్రులు వున్నారు. వ్యవస్థ చేసిన పని వేరు, నేను నా చేతులారా చేసిన పని వేరు. మొదటిది పోయేదాకా రెండోదానికి నాకు సెలవు వున్నదనటం విప్లవం కాదు, బద్ధకం.

పాత కిరాణా కొట్టులో ఆప్యాయతలుండేవి, అవన్నీ పోయాయని మరి కొందరు బాధపడతారు. ఎవరికి వుండేవి? పెద్దరైతుకు బల్ల చూపించి కుశలమడిగిన షావుకారే, దళితుణ్ణి దూరాన నిలబెట్టి, డబ్బు అరుగు మీద పెట్టించి, సరుకు పైనుంచి కొంగులో పడేసేవాడు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాల పేరు ప్రత్యేకంగా ఎత్తి, జాతి, కులం, మతం పేరిట ఎవరి ప్రవేశాన్నీ అడ్డకూడదని ఎందుకు చెప్పవలసి వచ్చిందో ఆలోచించాలి. అచ్చువేసిన ధర, అందరికీ ఒకే వరస – వీటి ముఖపరిచయం లేనితనంలో కొంత విముక్తి వుంది. దాన్ని నేను వదులుకోమనను. కాని ఎదుటి మనిషిని చూడకుండా, నోరు విప్పకుండా, వస్తువును మాత్రం అందుకోవటం ఆ పాత కొట్టు నేర్పిన పద్ధతే. అంటు పాటించినవాడు కావాలని చేసినదాన్ని మనం పరాకుగా చేస్తున్నాం. రెండూ ఒకటేనని చెప్పను. ఒకదానికొకటి బొత్తిగా కొత్తవని కూడా చెప్పలేను.

ఈ ధోరణిలో ఆ విద్యార్థినికి క్షమాపణ చెప్పబోయాను. ఆమె నా సిద్ధాంతాన్ని సగంలోనే ఆపేసింది. "ఫోనులో మాట్లాడేవాళ్లే నయం సార్. మాట్లాడనివాళ్లు ఆఫర్ రాలేదని మా మీద అరుస్తారు. కొందరు బ్యాడ్జీ మీద పేరు చూసి, పేరు పెట్టి పిలిచి, లేనిపోని మాటలు పెట్టుకుంటారు" అన్నది. పలకరింపు కోసం ఆమె మొహం వాచి లేదన్న మాట! మరి ఇబ్బంది ఏమిటని అడిగాను. "ఏమడిగినా చెయ్యి వూపుతారు. అది అవునో కాదో తెలీదు. లెక్క తప్పితే మా జీతంలో కోస్తారు. ఆలస్యమైతే వెనకవాళ్లు విసుక్కునేది మా మీదే."

నేను మనసు, గౌరవం, గుర్తింపు అని ఆలోచిస్తుంటే ఆమె జీతం గురించి చెప్పింది. ఆ రెండు నిమిషాల పనిని ఇద్దరం కలిసి చేయవలసి వుండగా, నా సగం మానేసి దాని ఖర్చును ఆమె మీదికి నెట్టాను. ఎదుటివాడి సాయం తీసుకోవటంలో తప్పు లేదు. మనిషిని కేవలం సాధనంగా చూడటమే తప్పని కాంట్ 1785లో అన్నప్పుడు, ఆ "కేవలం" అన్న మాటలో ఇంత చిల్లర లెక్క వుందని నాకు తోచలేదు. ఈ దృష్టితో చూస్తే మర్యాద చిక్కుముడి కాదు. ఆస్పత్రి నుంచి ఫోను వస్తే వరసలోంచి పక్కకు జరగవచ్చు. ఫోనుతోనే డబ్బు కట్టే రోజులు కనుక ఫోను చేతిలో వుండనే వుంటుంది. అది అడ్డం కాదు. అడిగినదానికి నోటితో జవాబు చెబితే చాలు. కుశలప్రశ్నలు ఆమె అడగలేదు.

ఆమె ఫోను ఎక్కడ వుంటుందని అడిగాను. సాయంకాలం నాలుగింటికి పనిలోకి వెళ్లగానే బీరువాలో పెట్టి తాళం వేస్తారట. ఇంట్లో ఎవరికి ఏమయినా రాత్రి తొమ్మిదిన్నరకు గాని తెలియదు. అందాకా నిలబడే వుండాలి, కుర్చీ లేదు. కోళిక్కోడులో బట్టల దుకాణాల స్త్రీలు మొదట మరుగుదొడ్ల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారనీ, 2018లో కేరళ ప్రభుత్వం తన దుకాణాల చట్టాన్ని సవరించి ఆ హక్కు ఇచ్చిందనీ, 2021లో తమిళనాడు కూడా అటువంటి సవరణే చేసిందనీ చెప్పాను. శ్రద్ధగా విన్నది. "మీ సభలో ఆ స్టూలు సంగతి మాట్లాడండి సార్" అన్నది.

మాట్లాడాం. తీర్మానంలో కూడా చేర్చాం. ఆమెను సభకు రమ్మని పిలిచాను గాని రాలేదు. ఆ సాయంకాలం దుకాణం తెరిచే వుంది, ఆమెకు డ్యూటీ వుంది.