తలుపు దగ్గరి చిన్నది

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 12:1–17, లేవీయకాండము 5:1

పేతురు చెరసాలనుండి విడిపింపబడిన రాత్రి సంగతి మీలో అనేకులకు కంఠతా తెలియును. అయితే ఆ రాత్రి తలుపు చప్పుడు విని లేచి వచ్చిన పనిపిల్లను గూర్చి మనము అంతగా తలంచము. ఆమె పేరు రొదే. మార్కు తల్లియైన మరియ యింట విశ్వాసులు గుంపుగా కూడి ప్రార్థనలో ఉండిరి. ఈ పిల్ల పేతురు గొంతును పోల్చుకొని, ఆనందముతో గడియ తీయుటయే మరచి, లోపలివారికి వార్త చెప్పుటకు పరుగెత్తెను. వారు ఆమెకు మతి తప్పినదనిరి. ఏ విడుదల కొరకు వారు మోకాళ్లూనిరో ఆ విడుదలే వాకిట నిలిచి తలుపు తట్టుచున్నది. కాని ఆ వార్త తెచ్చిన నోరు పనిపిల్ల నోరు గనుక వారికి నమ్మబుద్ధి కాలేదు. ఆమె మాత్రము మాట మార్చుకొనలేదు.

రొదేను గూర్చి చదివినప్పుడెల్ల నాకు ఒక ఆంగ్ల బాలల కథలోని పిల్ల జ్ఞాపకము వచ్చుచుండును. ఆ కథ పేరు "సింహము, మంత్రగత్తె, బట్టల బీరువా". 1950లో ఇంగ్లండులో అచ్చయినది. దానిని వ్రాసిన సి. యస్. లూయిస్ బెల్‌ఫాస్టు నగరమున 1898లో జన్మించి, ఆక్స్‌ఫర్డులో చాలకాలము ఆంగ్ల సాహిత్యము బోధించి, 1963 నవంబరు 22న కన్నుమూసెను. తొమ్మిదేండ్ల ప్రాయమున తల్లిని పోగొట్టుకొన్నవాడు. యౌవనమున దేవుడు లేడని వాదించి, 1931లో క్రీస్తు దేవుని కుమారుడని ఒప్పుకొన్నవాడు. 1939లో యుద్ధము మొదలుకాగా లండనునుండి పిల్లలను ఊరి వెలుపలి యిండ్లకు పంపివేసిరి. అట్టి బాలికలు కొందరు ఆయన యింటను తలదాచుకొనిరి. ఈ కథ కూడ అట్లు పంపబడిన నలుగురు తోబుట్టువులతోనే మొదలగును.

మాటలాడు సింహము, మంత్రగత్తె గల కథకు సంఘపత్రికలో చోటేమి అని పెద్దలు కొందరు అడుగవచ్చును. యోతాము చెట్లచేత మాటలాడించెను. నాతాను ఎన్నడును లేని ఒక గొఱ్ఱెపిల్లను చూపి దావీదు మనస్సాక్షిని పట్టుకొనెను. ఆ ప్రశ్నను అంతటితో విడిచెదను, ఏలయనగా నేను చెప్పదలచినది వేరు.

మన అవ్వలు చెప్పిన కథలలో ఏడు సముద్రములు దాటి మాంత్రికుని చిలుకను పట్టువాడు రాకుమారుడు. ఇచ్చట వెళ్లినది లూసీ అను సామాన్యమైన పిల్ల. నలుగురిలో కడసారిది. పీటరు, సూసను, ఎడ్మండ్ ఆమెకు పెద్దవారు. వారు దిగిన యిల్లు ఒక వృద్ధ పండితునిది. రైలు స్టేషనునకు పది మైళ్లు, తపాలా ఆఫీసునకు రెండు మైళ్లు దూరము. వాన పడుచున్న ఒక దినమున పిల్లలు గదులన్నియు వెదకుచు పోవుచుండగా, ఒక గదిలో పెద్ద బట్టల బీరువా తప్ప మరేమియు లేదు. తక్కినవారు సాగిపోయిరి. లూసీ ఆగి తలుపు తెరువగా రెండు కలరా ఉండలు క్రింద పడినవి. లోపల జంతురోమపు కోట్లు వ్రేలాడుచున్నవి. వాటి మెత్తదనమునకు మురిసి లోపలికి జరిగెను. వెనుక చెక్క తగులునని చేయి చాచినది గాని తగులలేదు. కాలి క్రింద ఏదో కరకరలాడెను. ముట్టి చూడగా మంచు. చెంపకు తగులుచున్నవి కోట్లు కావు, చెట్ల కొమ్మలు. అడవి నడుమ ఒక దీపస్తంభము వెలుగుచున్నది. నడుము వరకు మనిషియు, క్రింద మేకకాళ్లును గల ఒక జీవి గొడుగు పట్టుకొని, పొట్లములు చంకన పెట్టుకొని ఎదురు వచ్చెను. వాని పేరు టమ్నస్. తేనీటికి పిలుచుకొని పోయెను. తుదకు వాడు ఏడ్చి, పిల్లలను మంత్రగత్తెకు అప్పగించుటకు తాను జీతము పుచ్చుకొంటినని ఒప్పుకొని, ఆమెను క్షేమముగా సాగనంపెను. కన్నీరు తుడుచుకొనుటకు ఆమె యిచ్చిన చేతిరుమాలు వాని యొద్దనే ఉండిపోయినది. కనాను చూచి వచ్చిన వేగులవారు ద్రాక్షగెల మోసికొని వచ్చిరి. ఈ పిల్ల మాత్రము చేతిగుడ్డ కూడ లేక తిరిగి వచ్చినది.

గంటలకొలది అచ్చట నుండి వచ్చితినని ఆమె చెప్పగా, ఇచ్చట ఒక నిమిషమైనను గడువలేదు. అందరు వచ్చి బీరువా చూచిరి. వెనుక గట్టి చెక్క, దానికి కొక్కెములు. నవ్విరి. ఆ తరువాతి దినములు లూసీకి మిక్కిలి దుఃఖముతో గడచెను.

ఈ చోట నేను కొంచెము నిలువగోరుచున్నాను. ఆ దుఃఖమునుండి తప్పించుకొనుటకు ఆమెకు సులభమైన మార్గమొకటి కలదు. "ఊరికే నవ్వులాటకు చెప్పితిని" అని ఒక్కమాట అనినయెడల అన్నలు, అక్క మరల ఆమెతో ఆడుకొందురు. ఆ మాట ఎవరికిని హాని చేయునది కాదు. పెద్దవారమైన మనము ఇంటి సమాధానము కొరకు దినమునకు ఎన్నిమారులు అట్టి మాట చెప్పుదుము! ఆ పిల్ల చెప్పలేకపోయెను. మొండితనముచేత కాదు, చూచినది చూడలేదనుట ఆమెకు చేతకాలేదు. ఇది వ్రాసిన రచయిత ఒక పిల్ల ఒంటరితనమును ఎరిగినవాడని నాకు తోచును.

మరియొక వానదినమున దాగుడుమూతలు ఆడుచు లూసీ మరల బీరువాలో దూరెను. ఆమెను ఎగతాళి చేయుటకు వెంటబడిన ఎడ్మండ్ కూడ దూరెను. వానికి ఎదురైనది మంత్రగత్తె. మంచుమీద జారిపోవు బండిలో కూర్చుండబెట్టుకొని, పొడిచక్కెర అద్దిన మెత్తని మిఠాయి పెట్టి, తోబుట్టువులను తెచ్చినయెడల రాజును చేసెదనని ఆశ చూపెను. ఆ మిఠాయి ఎంత తినినను ఇంకను కావలెననిపించు మంత్రపు మిఠాయి. వెనుకకు వచ్చుచు వాడు లూసీని కలిసికొనెను. ఆమెకు ఎంత సంతోషము! ఇప్పుడు ఇద్దరము చూచితిమి గదా అని ఎగురుచు వచ్చి, ఎడ్మండ్ కూడ చూచెనని అన్నతోను అక్కతోను చెప్పెను. వారు వానివైపు తిరిగిరి. వాడు పెద్దమనిషివలె చిన్నగా నవ్వి, మేము ఆట ఆడుకొంటిమి, ఆ దేశము నిజమైనట్లు నటించితిమి, అచ్చట ఏమియు లేదు అనెను.

ఎడ్మండ్ పాపమనగానే చదువరులు తరువాతి సంగతినే చెప్పుదురు. వాడు తోబుట్టువులను విడిచి మంత్రగత్తె యింటికి పోయి వారి జాడ చెప్పుట వానిని ద్రోహిగా చేసెనందురు. నాకు అట్లు తోచదు. వాడు పడినది ఈ గదిలోనే. ఏ సంగతియైనను ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీద స్థిరపడవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఒంటరి సాక్షి ఎంత సత్యవంతుడైనను రెండవవాని కొరకు కనిపెట్టవలసినదే. లూసీ అట్లే కనిపెట్టెను. రెండవ సాక్షి వచ్చెను, చూచెను, నోరు తెరచెను. ఆ నోటితోనే మొదటి సాక్షిని అబద్ధికురాలిని చేసెను. చూచి, ఎరిగి, తెలియజేయనివాడు తన దోషశిక్షను భరించునని లేవీయకాండము ఐదవ అధ్యాయము మొదటి వచనములో ఉన్నది. దొంగిలించినవాని మాట అటుండగా, చూచి ఊరకున్నవానిని గూర్చియే ఆ వచనము మాటలాడుచున్నది. ఈ వచనము మీద ప్రసంగము నేను ఎన్నడును వినలేదు.

పీటరు, సూసను కలతచెంది పండితుని యొద్దకు వెళ్లిరి. ఆయన మొదట చేసినది ఏమనగా, వారి మాట ముగియువరకు అడ్డుపడక వినుట. పిమ్మట, మీ చెల్లెలి మాట నిజము కాదని మీకెట్లు తెలియును అని అడిగెను. ఎడ్మండ్ అట్లనెనని వారు చెప్పిరి. ఇద్దరిలో ఇంతవరకు నిజము పలికినవారు ఎవరు? ఎప్పుడును లూసీయే అని పీటరు ఒప్పుకొనెను. అయితే ఆ పిల్ల అబద్ధమాడుచుండవలెను, లేదా మతి చెడి యుండవలెను, లేదా నిజము చెప్పుచుండవలెను. అబద్ధమాడదని మీరే అంటిరి. మతి చెడలేదని చూచినవారెవరికైనను తెలియును. వేరొక ఆధారము దొరకువరకు నిజము చెప్పుచున్నదనియే తలంచవలెను అనెను. ఇదే తర్కమును లూయిస్ యుద్ధకాలమున రేడియోలో చేసిన ప్రసంగములలో మన ప్రభువును గూర్చి వాడెను; ఆ ప్రసంగములు 1952లో ఒక్క గ్రంథముగా వెలువడెను. తాను దేవుని కుమారుడనని చెప్పిన యేసును వట్టి మంచి బోధకుడని తప్పించుకొనుటకు వీలులేదని ఆయన వాదము. పెద్దల సభకు తగిన ఆ వాదమును ఆయన ముందుగా ఒక చిన్నపిల్ల పక్షమున ఉపయోగించుట నాకు నచ్చినది అని వ్రాయబోయితిని. కాని రేడియో మాటలే ముందటివి, కథ తరువాతిది. అయినను నచ్చినది.

అట్లయిన పిల్లలు చెప్పినదంతయు నమ్మవలెనా? కాదు. ఎడ్మండ్ కూడ పిల్లవాడే, వాడును చెప్పెను గదా! పండితుడు నమ్ముమనలేదు, విచారింపుమనెను. చెప్పువారి వయస్సును కాదు, వారి నడతను చూడుమనెను. ఏలీ కూడ మొదట సమూయేలును రెండుసారులు పోయి పండుకొమ్మనెను. మూడవమారు మాత్రము, తనకు వినబడని స్వరము పిల్లవానికి వినబడుచుండవచ్చునని గ్రహించెను. ఉదయమున ఆ వర్తమానము తన యింటికే కీడైనను, దాచవద్దని బ్రతిమాలెను. నయమాను యింట చెరపట్టబడిన ఇశ్రాయేలు చిన్నదాని మాటను యజమానురాలు త్రోసివేసినయెడల అతని కుష్ఠు పోయెడిదా?

మన యిండ్లలో ఏమి జరుగుచున్నది? చేనిగట్టున గాని, చుట్టపు యింట గాని, బడిలో గాని తనకు జరిగిన కీడును పిల్ల తల్లితో చెప్పుకొన్నప్పుడు, "నోరు ముయ్యి, పరువు పోతుంది" అను మాట ఎన్ని యిండ్లలో వినబడలేదు! లోక న్యాయస్థానము సహితము ఇంతకంటె మేలు. ప్రశ్నను గ్రహించి తగిన ఉత్తరము చెప్పగల పిల్లవాని సాక్ష్యమును వయస్సునుబట్టి 1872 నాటి సాక్ష్య చట్టము త్రోసివేయలేదు. దానికి బదులుగా 2024 జూలై 1న అమలునకు వచ్చిన చట్టమును అట్లే నిలిపినది. న్యాయాధిపతి వినును. తండ్రి వినడు.

కథకు తిరిగి వచ్చెదను. కొన్నాళ్లకు నలుగురును ఆ బీరువాలో దాగవలసి వచ్చి, నలుగురును ఆ మంచులో నిలిచిరి. పీటరు వెంటనే లూసీవైపు తిరిగి, నిన్ను నమ్మనందుకు క్షమించుము అని చేయి చాచెను. పెద్దన్న ఆలస్యము చేయలేదు, తనను సమర్థించుకొనలేదు. తరువాత నడచుచుండగా ఎడ్మండ్ మరచిపోయి, దీపస్తంభము కొరకైతే ఎడమవైపునకు పోవలెను గదా అనెను. మునుపు వచ్చినవాడని అట్లు బయటపడెను. పీటరు గద్దించెను. వాడు క్షమాపణ అడుగక, మీ అందరికి బదులు తీర్చెదనని మనస్సులో అనుకొనెను. మంత్రగత్తె యింటి దారి వాడు పట్టుటకు మిఠాయి ఎంత కారణమో ఈ ఒప్పుకొనని అబద్ధమును అంతే కారణము. వానికి బదులుగా సింహమగు అస్లాను రాతిబల్లమీద ప్రాణము పెట్టుట, తిరిగి లేచుట మీరు పుస్తకములో చదువుకొనవచ్చును. ఆ భాగమునకు నా వివరణ అక్కరలేదు. యుద్ధమున చావుబ్రదుకుల మధ్య పడియున్న ఎడ్మండ్ నోట ఔషధపు చుక్కలు పోసినది లూసీయే. తరువాత వాడు రాజై, న్యాయవంతుడని పేరు పొందెను. అబద్ధసాక్షికి ఆ బిరుదు!

మరియ యింట కూడినవారు రొదేను క్షమాపణ అడిగిరో లేదో లూకా వ్రాయలేదు. నా సంగతి నేను వ్రాసెదను. చాల సంవత్సరముల క్రిందట మా ఆదివారపు బడిలో, కూలి చేసికొను ఒక విధవరాలి కుమార్తె, ఫలాని పిల్లవాడు కానుక సంచిలో చేయి పెట్టెనని నాతో చెప్పెను. ప్రక్కన నిలిచిన మరియొక పిల్లవాని అడుగగా, వాడు నేల చూచుచు "నేను చూడలేదండి" అనెను. నిందింపబడినవాడు పెద్ద యింటివాడు. నేను ఆ పిల్లను అందరి యెదుట నిలువబెట్టి తొమ్మిదవ ఆజ్ఞ చదివించితిని. మూడు నెలలకు, చూడలేదనిన పిల్లవాడు జ్వరములో ఉండి తల్లితో నిజము చెప్పెను. నేను ఆ సాయంకాలమే వారి గుడిసెకు వెళ్లి, తప్పు నాదేనమ్మా అని ఆ పిల్లతో చెప్పితిని. ఆమె ఏమియు అనలేదు. లోపలికి పోయి చెంబుతో మంచినీళ్లు తెచ్చి యిచ్చినది. ఆదివారపు బడికి మాత్రము మరల రాలేదు. మరుసటి వేసవిలో తల్లియు బిడ్డయు పనులు వెదకుకొనుచు వేరొక ఊరు వెళ్లిపోయిరి.