ఒక్క బంతి మార్చి చూస్తే

బెంగళూరులో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే కాసేపటికి మాట సైట్ల మీదికి మళ్ళుతుంది. ఇళ్ళస్థలాన్ని ఇక్కడ సైటు అంటారు, మనకూ అదే అలవాటైపోయింది. మారతహళ్ళి ఇంకా పల్లెటూరుగా ఉన్న రోజుల్లో ముప్ఫై బై నలభై సైటు అడ్డికి పావుశేరుగా వస్తుంటే వదిలేసుకున్నామని ఒకరు, బావమరిది మాట విని మునిగిపోయామని ఇంకొకరు. ఆ కొనని సైటులో వాళ్ళు ఊహలోనే మూడంతస్తులు లేపేసి, నెలనెలా అద్దెలు కూడా వసూలు చేసుకుంటూ ఉంటారు. అదే సైటు కొన్నాక కోర్టు కేసులో పడి ఉండేదేమో, అప్పు తీర్చలేక పెళ్ళాం మెళ్ళో గొలుసు అమ్మాల్సి వచ్చేదేమో అని మాత్రం ఒక్కరూ అనరు.

ఇలాంటి మాటలు చెవిన పడినప్పుడల్లా నాకు గుండప్ప విశ్వనాథ్ గుర్తొస్తారు. భద్రావతిలో పుట్టి బెంగళూరు మనిషైపోయిన బ్యాట్స్‌మన్. 91 టెస్టులు, 6,080 పరుగులు, 14 సెంచరీలు. పొట్టివాడు, కానీ ఆయన స్క్వేర్ కట్ చూసినవాళ్ళు ఇప్పటికీ గాల్లో మణికట్టు తిప్పి చూపిస్తారు. దేశానికి కెప్టెన్‌గా ఉన్నది రెండే రెండు టెస్టులకు. రెండోది క్రికెట్ బోర్డు స్వర్ణోత్సవాల సందర్భంగా ఇంగ్లండ్‌తో ఆడింది. 1980 ఫిబ్రవరి 15న బొంబాయి వాంఖడేలో మొదలైంది. మర్నాడు సంపూర్ణ సూర్యగ్రహణమని ఆటకు సెలవిచ్చారు. హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ వాళ్ళు టెలిస్కోపులకు కళ్ళప్పగిస్తే, మన ఊళ్ళల్లో చాలామంది తలుపులు బిగించుకుని దర్భలు వెతుక్కున్న రోజు అది.

గ్రహణం విడిచింది, ఆట మళ్ళీ మొదలైంది. భారత్ 242 చేస్తే, ఇంగ్లండ్ 58కే 5 వికెట్లు పోగొట్టుకుంది. అప్పుడు బోథమ్‌కు తోడుగా వికెట్‌కీపర్ బాబ్ టేలర్ వచ్చి మెల్లగా పాతుకుపోతున్నాడు. కపిల్‌దేవ్ బంతి టేలర్ బ్యాట్ పక్కనుంచి దూసుకెళ్ళి కిర్మాణీ గ్లవ్స్‌లో పడింది. అందరూ అరిచారు, అంపైర్ వేలెత్తాడు. టేలర్ ముఖంలో నమ్మలేనితనం. ఫస్ట్ స్లిప్‌లో నిలబడ్డ విశ్వనాథ్ ఆ బంతిని దగ్గర్నుంచి చూశారు. బ్యాట్‌కు తగల్లేదు. అంపైర్ దగ్గరికి వెళ్ళి అప్పీల్ వెనక్కి తీసుకున్నారు, టేలర్‌ను ఆడుకోమన్నారు. ఆ జోడీ 171 పరుగులు కలిపింది. బోథమ్ 114 కొట్టాడు. అంతటితో ఊరుకున్నాడా, బంతి పట్టుకుని రెండు ఇన్నింగ్స్‌లో కలిపి 13 వికెట్లు తీశాడు. భారత్ 10 వికెట్ల తేడాతో ఓడింది. విశ్వనాథ్‌కు కెప్టెన్సీ మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆయన్ను ఈ సంగతి అడగని విలేకరి ఉండడు. జవాబు మాత్రం మారలేదు: దాని గురించి చింత లేదని. ముందు నేను దీన్ని పెద్దమనిషి మర్యాద కింద జమకట్టాను. ఆలోచించేకొద్దీ ఇందులో మర్యాద కంటే లెక్క ఎక్కువ కనిపిస్తోంది. టేలర్‌ను వెళ్ళనిచ్చి ఉంటే గెలిచేవాళ్ళమని వాదించేవాళ్ళు ఒక్క బంతిని మారుస్తారు. మార్చి, మిగతా మ్యాచ్ అంతా తమ చేత్తోనే స్కోరు రాసుకుంటారు. కానీ బోథమ్ అక్కడే ఉన్నాడు కదా. రెండో ఇన్నింగ్స్‌లో మనవాళ్ళు 149కే కుప్పకూలడానికి టేలర్ బ్యాటింగ్‌తో ఏం సంబంధం? గడిచినదాన్ని తలుచుకుని కుమిలిపోయేవాడి చేతిలో స్కోరుపుస్తకం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. నచ్చనిది ఒక్కటి కొట్టేస్తాడు, కిందివన్నీ వాటంతటవే తనవైపు మారిపోయాయనుకుంటాడు. మారతహళ్ళి సైటుదీ ఇదే కథ.

అప్పీల్ నిలబెట్టుకుని ఉంటే విశ్వనాథ్‌ను ఒక్కరు కూడా తప్పుపట్టేవారు కాదు. అంపైర్ ఇచ్చాడు, అయిపోయింది. బంతి తగల్లేదన్న సంగతి మాత్రం ఆయన దగ్గర ఉండిపోయేది. అంటే ఆయన ముందు ఆ క్షణాన రెండు బరువులున్నాయి. ఒకటి ఊరంతా చూసే ఓటమి, రెండోది తనకొక్కడికే తెలిసిన గెలుపు. ఆయన మొదటిది ఎత్తుకున్నారు. ఊరు చూసే బరువును ఊరు కూడా కాస్త మోస్తుంది. ఆ ఓటమి గురించి ఇవాళ ఆయన కంటే మనమే ఎక్కువ మాట్లాడుకుంటున్నాం మరి.

సభల్లో మైకు పట్టుకుని నా జీవితంలో దేనికీ విచారం లేదు అనేవాళ్ళను చూస్తే మాత్రం నాకు అనుమానమే. పక్కవాడి పొట్ట కొట్టినందుకు కూడా విచారం లేకపోతే దాన్ని తోలుమందం అనాలి. పోగొట్టుకున్నదాని గురించి ఏడవకపోవడం ఒకటి, చేసిన అన్యాయాన్ని మరిచిపోవడం ఇంకొకటి. ఈ రెండింటినీ కలగలిపి ధైర్యం అని పేరు పెట్టడం ఈమధ్య ఫ్యాషనైంది.

ఆ బొంబాయి ఓటమి తర్వాత నెల తిరిగేసరికి ఇంకో బెంగళూరు మనిషి లండన్‌లో గెలిచారు. 1980 మార్చి 23న ప్రకాశ్ పదుకొణె ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ ఫైనల్లో లిమ్ స్వీ కింగ్‌ను 15-3, 15-10తో ఓడించారు. అంతకుముందు రెండేళ్ళూ ఆ టైటిల్ కింగ్‌దే. ప్రకాశ్ ఆట నేర్చుకున్నది మల్లేశ్వరంలో కెనరా యూనియన్ హాల్లో. అది పెళ్ళిళ్ళ హాలు. ముహూర్తాలుంటే షటిల్ బంద్. బ్యాడ్మింటన్‌కు ఒలింపిక్స్‌లో పతకాలివ్వడం 1992లో మొదలైతే, అప్పటికి ఆయనకు 37 ఏళ్ళు. ఇక్కడ మార్చుకోవడానికి ఒక్క బంతి కూడా లేదు, మారిస్తే పుట్టిన సంవత్సరాన్నే మార్చాలి. ఇలాంటి చోట అయ్యో అనుకోవడం న్యాయమేననిపిస్తుంది నాకు. ఆయన 1994లో మిత్రులతో కలిసి బెంగళూరులో అకాడమీ పెట్టారు. 1994లోనే మోకాలు దెబ్బతిని ఆపరేషన్లు చేయించుకున్న మన పుల్లెల గోపీచంద్ కొంతకాలం ఆ అకాడమీలోనే సాధన చేసి 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ప్రకాశ్ తర్వాత ఆ కప్పు ఎత్తిన భారతీయుడు ఆయనే. అదే 2001లో బిలియర్డ్స్ ఆటగాడు గీత్ సేఠీతో కలిసి ప్రకాశ్, ఒలింపిక్ పతకాల కోసం ఆటగాళ్ళకు అండగా నిలిచే ఒలింపిక్ గోల్డ్ క్వెస్ట్‌ను మొదలుపెట్టారు. తనకు దక్కనిది పిల్లలకైనా దక్కాలనేనా? ఆయన మనసులో ఏముందో నాకేం తెలుసు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో లక్ష్య సేన్ కాంస్యం కోసం లీ జీ జియాతో ఆడుతూ మొదటి గేమ్ 21-13తో గెలిచి, తర్వాత రెండూ పోగొట్టుకున్నాడు. వెంట ఉన్న ప్రకాశ్ ఆ వెంటనే, సౌకర్యాలన్నీ ఇచ్చాక ఆటగాళ్ళు కూడా బాధ్యత తీసుకోవాలని అన్నారు. కటువుగా ఉందని చాలామంది నొచ్చుకున్నారు. పిల్లవాడి కళ్ళు ఇంకా ఆరకముందే అనాలా అని నాకూ అనిపించింది. కానీ ఓటమిని పచ్చిగా ఉన్నప్పుడే కోసి చూడడం ఆటవాళ్ళ పద్ధతి. మనం దాన్ని ఇరవై ఏళ్ళు ఊరగాయ పెట్టి పండగలకు తీస్తాం.

గెలిచినవాళ్ళకేం, ఎన్నయినా చెబుతారు అంటారు. నిజమే. ఈ ఊరి మైదానాల్లో అంతే కష్టపడి, సెలక్షన్ రాక ఆట మానేసిన కుర్రాళ్ళు ఎందరో ఉంటారు. అన్యాయం జరిగినవాడి చేతిలో ఉన్నది ఫిర్యాదు, దాన్ని వినే మనిషి కావాలి. వాడికి వెళ్ళి విశ్వనాథ్ కథ చెప్పి సర్దుకోమనడం నా వల్ల కాదు.

విశ్వనాథ్‌కూ చేతిలో లేని లోటు ఒకటుంది. 1975 జనవరిలో మద్రాసు చేపాక్‌లో వెస్టిండీస్ మీద, ఆండీ రాబర్ట్స్ నిప్పులు కురిపించి 7 వికెట్లు తీస్తుంటే, జట్టు మొత్తం చేసిన 190లో ఆయనవి 97, నాటౌట్. ఆఖరి వికెట్ చంద్రశేఖర్‌ది. చంద్ర టెస్టుల్లో తీసిన వికెట్లు 242, చేసిన పరుగులు 167. అలాంటి మనిషి రాబర్ట్స్ ముందు నిలబడి ఇంకో మూడు పరుగుల దాకా ఆగలేకపోయాడని అలగడానికి ఎంత చిన్న మనసైనా ఒప్పుకోదు. ఆ మ్యాచ్ భారత్ 100 పరుగుల తేడాతో గెలిచింది. మద్రాసు పెద్దవాళ్ళను ఇవాళ అడిగినా ఆయన 14 సెంచరీలు పక్కనపెట్టి ఆ 97 దగ్గరే మొదలుపెడతారు.