షరతు మీద నిలిచిన విలువ

98 మార్కులు తెచ్చుకున్న పిల్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు. పోయిన రెండింటి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తకపోయినా తనను తాను నిలదీసుకుంటుంది. అలాంటి పిల్లలే ఇరవై దాటి ఉద్యోగాల్లో చేరాక, పంపేసిన మెయిల్‌ను పదే పదే చదువుకుంటారు. తెలియదని బయటపడుతుందేమోనని మీటింగులో నోరు విప్పరు. జనం దాన్ని పట్టుదల అంటారు. నాకు మాత్రం అందులో భయమే కనిపిస్తుంది.

ఈ పర్‌ఫెక్షనిజంలో, అంటే ఏ తప్పూ ఉండకూడదన్న పట్టులో, మూడు రకాలున్నాయని 1991లో కెనడా మనస్తత్వవేత్తలు పాల్ హెవిట్, గోర్డన్ ఫ్లెట్ చెప్పారు. తన నుంచి తాను కోరేది ఒకటి, ఎదుటివాళ్ల నుంచి కోరేది ఒకటి, లోకమంతా తన నుంచి కోరుతోందని నమ్మేది ఇంకొకటి. అమెరికా, కెనడా, బ్రిటన్ విద్యార్థుల్లో 1989, 2016 మధ్య అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది ఈ మూడోదేనని థామస్ కరన్, ఆండ్రూ హిల్ లెక్కగట్టారు.

బ్రిటన్ థెరపిస్టు మెలనీ ఫెనెల్ 1997లో ఇచ్చిన వివరణ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. లోపల అడుగున ‘నేను చాలను’ అన్న నమ్మకం ఉంటుంది. దాన్ని కప్పిపుచ్చడానికి మనిషి ఒక షరతు పెట్టుకుంటాడు: తప్పు చేయనంతవరకే నాకు విలువ. షరతు నెగ్గినంతకాలం ఆ నమ్మకం బయటికి రాదు, కానీ చావదు కూడా. వచ్చిన మెప్పంతా షరతు ఖాతాలోకే పోతుంది. ఎన్ని విజయాలు వచ్చినా మనసు నిండకపోవడం అందుకేనేమో.

అందుకే ఇలాంటి నమ్మకాలను పరీక్షకు పెట్టే కాగ్నిటివ్ థెరపీలో పొగడ్తల కంటే చిన్న చిన్న పరీక్షలకే పని ఎక్కువ. ఒక్కసారే సరిచూసి రిపోర్టు పంపు. ఏమవుతుందనుకున్నావో ముందే రాసిపెట్టు. ఏమైందో తర్వాత రాయి. చిక్కేమిటంటే, పర్‌ఫెక్షనిస్టులు అలా రాసే నోట్‌బుక్‌ను కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, థెరపిస్టు దగ్గర ఫస్టు మార్కు కోసం చూస్తారు. సగమే రాసిన కాగితంతో వచ్చి, సిగ్గుపడకుండా కూర్చోగలిగిన రోజు అసలు పని మొదలైందని నా నమ్మకం.

మన దగ్గర ఇంకో బరువుంది. ఫీజు కోసం పొలం అమ్మిన నాన్న, నగలు తాకట్టు పెట్టిన అమ్మ. ఆ షరతు కోపంతో వచ్చినది కాదు, ప్రేమతో వచ్చింది; కోప్పడటానికి కూడా ఎవరూ దొరకరు. ఆ రుణం నిజమైనదే. దాన్ని ‘తప్పుడు ఆలోచన’ అని కొట్టిపారేసే థెరపిస్టు మాట పిల్లల చెవికెక్కదు. రుణం ఉందని ఒప్పుకుని, అది తీరేదాకా తనకు విలువ లేదన్న లెక్కను మాత్రం ప్రశ్నించాలి. పిల్లలు సరేనంటే అమ్మానాన్నలనూ ఒకసారి పిలిచి కూర్చోబెట్టాలి.

వాళ్ల ముందు ఈ మాట ఎత్తడానికి ధైర్యం చాలనివాళ్లకు 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు అడగరు.