"మీరేవిట్లమ్మా?" అని అడిగితే నాలుగో శీలం ఏమవుతుంది?



కొల్లేరు గట్టు ఊరి నుంచి ఒక అమ్మాయి రెండేళ్ళుగా మా పౌర్ణమి సమావేశాలకు వస్తోంది. ఆక్వాకల్చర్ డిప్లొమా చదివింది. రొయ్యల మేత తయారుచేసే ఒక కంపెనీలో ల్యాబ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళింది. చెరువులో అమ్మోనియా పెరిగితే ఏం చేస్తావు, వైట్ స్పాట్ ఎలా గుర్తుపడతావు అని రెండే రెండు పని ప్రశ్నలు. ఆ తర్వాతంతా వేరే. "మీ ఇంటిపేరు ఎక్కడా విన్నట్టు లేదే?" "మీ నాన్నది సొంత చెరువా, కూలికా?" "ఊళ్ళోనా, పేటలోనా?" "ఆదివారం సెలవు కావాలంటావా?" "పెళ్ళెప్పుడు?" చివరికి పక్కన కూర్చున్న పెద్దాయన నవ్వుతూ, "ఇంతకీ మీరేవిట్లమ్మా?" అన్నాడు.

ఆ అమ్మాయి "ఊళ్ళోనేనండీ" అంది. కులం దగ్గర తన స్నేహితురాలి కులం చెప్పింది. ఉద్యోగం వచ్చింది.

తర్వాతి పౌర్ణమికి పంచశీల చెప్పేటప్పుడు మూడు శీలాలు గట్టిగా చెప్పి, ముసావాదా దగ్గర నోరు మెదపలేదు. అయ్యాక నా దగ్గరకొచ్చి, "అక్కా, నాది అబద్ధమేగా? శీలం పోయినట్టేనా?" అని అడిగింది.

మీరైతే ఏం చెప్తారు? ఆ రోజు అక్కడున్నవాళ్ళలో ఒకాయన, కూటి కోసం ఆడింది అబద్ధం కాదన్నాడు. ఇంకొకాయన, ధైర్యంగా చెప్పి బయటికి రావాల్సిందన్నాడు. నాకు రెండూ నచ్చలేదు. మొదటిది శీలాన్ని చొక్కాలాగా విప్పి కొయ్యకి తగిలించేయటం. రెండోది చెప్పినాయన రిటైరైన ప్రభుత్వ ఉద్యోగి. ఆయన ఇంటర్వ్యూ వెనకాల రాజ్యాంగం 16వ అధికరణం నిలబడి ఉంది. కులం, మతం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం, వీటిని బట్టి మాత్రమే సర్కారు కొలువులో వివక్ష చూపకూడదని అందులో రాసుంది. మేత కంపెనీ గదిలో ఆ పిల్ల వెనకాల ఎవరున్నారు? అంటరానితనం పేరుతో ఉద్యోగానికి అడ్డుపడటం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరమే. కానీ అంటరానితనం అని కాగితం మీద ఎవరు రాస్తారు? "తర్వాత కబురు చేస్తాం" అంటారు, అంతే.

ఇది మన కొల్లేరు జబ్బు మాత్రమే కాదు. సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ అనే ఇద్దరు పరిశోధకులు ఢిల్లీ ప్రాంతంలో 25 మంది హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడి 2007లో ప్రచురించారు. కులం చూడం, ప్రతిభే చూస్తాం అన్నవాళ్ళే "కుటుంబ నేపథ్యం" మాత్రం తప్పకుండా అడుగుతామన్నారు. ఇక ఆడవాళ్ళకైతే ఎల్ఐసీ లాంటి సంస్థే ఒకప్పుడు ఉద్యోగ ఫారంలో నెలసరి గురించి, గర్భస్రావాల గురించి గడులు పెట్టింది. నీరా మాథుర్ కేసులో, 1991లో, సుప్రీంకోర్టు ఆ గడులు తీసెయ్యమనేదాకా అవి ఉన్నాయి.

ఇప్పుడు ధమ్మం సంగతికొద్దాం. సుందరిక నది ఒడ్డున భారద్వాజుడనే బ్రాహ్మణుడు హోమం ముగించి, మిగిలిన ప్రసాదం ఎవరికివ్వాలా అని చూస్తున్నాడు. బుద్ధుడు కనిపిస్తే ముందడిగింది, నీ జాతి ఏమిటని. మన పెద్దాయన ప్రశ్నే! పుట్టుక అడగొద్దు, నడవడిక అడుగు అన్నది బుద్ధుడి జవాబు. చూడండి, ఆయన అబద్ధమూ ఆడలేదు, వాళ్ళడిగిన గడీ నింపలేదు. ప్రశ్ననే సరిదిద్దాడు. అంగుత్తర నికాయంలో నాలుగు రకాల ప్రశ్నలు చెప్పారు: సూటిగా జవాబు చెప్పాల్సినవి, విడమరిచి చెప్పాల్సినవి, ఎదురు ప్రశ్న వేసి చెప్పాల్సినవి, పక్కన పెట్టేయాల్సినవి. అంటే అడిగిందల్లా చెప్పి తీరాలని నాలుగో శీలం ఎక్కడా అనలేదు. మౌనం అబద్ధం కాదు.

కానీ ఆ అమ్మాయి మౌనంగా ఉండలేదు, వేరే కులం చెప్పింది. అది అబద్ధమే. నేను దానికి వేరే పేరు పెట్టను. ఆ మాట అంటూనే ఆమెకి బాబాసాహెబ్ సంగతి చెప్పాను. 1917లో కొలంబియాలో చదివొచ్చి బరోడా కొలువులో చేరితే, ఉండటానికి గది లేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించుకుని దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. ఆ దొంగ పేరు సంగతిని ఆయన తర్వాత తానే రాసుకున్నారు, దాచలేదు. ఆయన్ని శీలం లేనివాడంటామా? గది అడిగినవాడి కంటే, పేరు మార్చుకుంటే తప్ప గది లేదన్న ఊరిది ముందు తప్పు. అలాగే ఇక్కడా ముందు తప్పు అడిగినవాడిది.

అయినా ఆ పదకొండు రోజులు ఆయనెలా గడిపారో ఆలోచించండి. ఈ అమ్మాయి ఇప్పుడు అవే రోజుల్లో ఉంది. తోటివాళ్ళని ఇంటికి పిలవదు. ఆధార్ కార్డు మీద పేట పేరు కనపడకుండా బొటనవేలు అడ్డంపెట్టి చూపిస్తుందట. శీలం పోవటమంటే నరకం కాదు, ఈ బొటనవేలే.

అమరావతి స్తూపానికి పూర్ణకుంభం చెక్కిన పలక ఇచ్చిన విధికుడు తోలుపని చేసేవాడు, ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు. తన వృత్తి, తండ్రి పేరు రాతిమీద చెక్కించుకున్నాడు. అడ్డం పెట్టుకోవాల్సిన అవసరం అక్కడ లేకపోయింది.

ఇంకొకటి, చెప్పటానికి కష్టంగా ఉన్నా చెప్తాను. మనలో హెడ్మాస్టర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు, స్కూళ్ళు నడిపేవాళ్ళున్నారు. 22 ప్రతిజ్ఞలు తీసుకున్నవాళ్ళే ఎదురుగా పిల్లాడు కూర్చుంటే "మనోడేనా? మాలా, మాదిగా?" అని అడగటం నా చెవులతో విన్నాను. అలా అడిగే ముందు సుందరిక ఒడ్డున ఎవరి పక్కన కూర్చున్నామో చూసుకోవాలి.

ఇప్పుడు ఆదివారాలు ఏలూరులో పిల్లలకి ఇంటర్వ్యూ అభ్యాసం పెడుతున్నాం. నేను పెద్దాయన వేషం కట్టి "మీరేవిట్లు?" అని అడుగుతాను. తాడేపల్లిగూడెం కుర్రాడొకడు తడుముకోకుండా, "ఈ పనికి అది ఎందుకు కావాలో చెప్తే చెప్తానండీ" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేత కంపెనీ అమ్మాయి కొట్టలేదు. "ఈ మాట నిజంగా ఎక్కడైనా అన్నావా?" అని అడిగింది.

"అన్నాను."

"ఉద్యోగం?"

"రాలేదు. ఇప్పుడు రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్నాను. వాళ్ళకి నేనెవరో తెలుసు."