పీట

నేను మాదిగోణ్ణి. మాది నల్లగొండ జిల్లా. ముప్పై రెండేండ్లు సర్కారు బళ్లలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. 2018లో శ్రీలంక పోయి, కాండీ కొండల్లో ఒక విహారం పిరివెనలో నాలుగు నెలలు చిన్న భిక్షువులకు జీతం లేకుండా ఇంగ్లీషు నేర్పాను. పిరివెన అంటే భిక్షువులు చదువుకునే బడి. పోయేటప్పుడు నేనేదో ఇచ్చిరావడానికి పోతున్నాననుకున్నాను. వచ్చేటప్పుడు ఒక ప్రశ్న మోసుకొచ్చాను. మనిషి ముందు మనిషి వంగితే అది ఎప్పుడు గౌరవం, ఎప్పుడు బానిసతనం?

ఎందుకు పోయానో ముందు చెప్పాలి. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర జరిపినప్పుడు చూడబోయాను. అక్కడ ఒక సింహళ భిక్షువు పరిచయమయ్యాడు. అంబేద్కర్ పేరెత్తగానే, 1950లో బాబాసాహెబ్ ప్రపంచ బౌద్ధుల సభకు కాండీ వచ్చిన సంగతి ఆయనే నాకు గుర్తు చేశాడు. నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం పేరుంది. పదిహేడు వందల ఏండ్ల కిందనే వాళ్లు మా కృష్ణ ఒడ్డుకు వచ్చి ఉన్నారు. రిటైరయినంక నేనే వాళ్ల దగ్గరికి పోదామనుకున్నాను. ఆయన ఉత్తరాలతో దారి దొరికింది.

మొదటి రోజు క్లాసులో పద్దెనిమిది మంది ఉన్నారు. పదేండ్లవాడి నుంచి పదహారేండ్లవాడి దాకా, అందరూ కాషాయం కట్టుకొని, తెల్లగుడ్డ పరిచిన కుర్చీల్లో కూచున్నారు. నాకు వేసింది మోకాలెత్తు కూడా లేని పీట. గృహస్థు భిక్షువుకన్నా ఎత్తున కూచోకూడదు. అది వాళ్ల ఆచారం. నేను దానిమీద కూచోలేదు. నిలబడే పాఠం చెప్పాను.

మా అయ్య పటేల్ ఇంటి ముంగట చెప్పులు చేతపట్టుకొని నడిచేవాడు. అరుగు కింద నేలమీద కూచునేవాడు. నా ఈడు పటేల్ కొడుకు అరుగుమీద కాళ్లూపుకుంట మా అయ్యను ఒరే అని పిలిచేవాడు. మా అయ్య "నీ బాంచెన్ దొరా" అనేవాడు. ఆ మాట నా నోట రావద్దనే నేను చదువుకున్నాను. యాభై ఏండ్ల తర్వాత, నా పైసలతో సముద్రం దాటిపోయి, పదేండ్ల పిల్లగాని ముందు పీటమీద కూచోవాలా?

వారం రోజులు నిలబడే చెప్పాను. పెద్ద భిక్షువు అది గమనించాడు. ఒక సాయంత్రం పిలిచి, "ఆ గౌరవం పిల్లవాడికి కాదు మాస్టారూ, వాడు కట్టుకున్న చీవరానికి" అన్నాడు. ఉపాలి కథ చెప్పాడు. శాక్య రాజకుమారులు సంఘంలో చేరబోతూ, తమ వెంట వచ్చిన మంగలి ఉపాలికి ముందు దీక్ష ఇమ్మని బుద్ధుణ్ణి అడిగారట. ముందు చేరినవాడికి వెనక చేరినవాడు మొక్కాలి. మంగలికి మొక్కితేనన్నా తమ కులగర్వం అణుగుతుందని వాళ్ల ఆలోచన.

ఆ కథ నాకు తెలిసిందే. కాని ఆ పీట పక్కన నిలబడి వింటే వేరేగా వినబడింది. ఇక్కడ పెద్దరికం పుట్టిన కడుపును బట్టి కాదు, చేరిన రోజును బట్టి. రేపు నా కొడుకు ఆ చీవరం కడితే పటేల్ కొడుకు వచ్చి ఈ పీటమీదనే కూచోవాలి. తలుపు అందరికీ తెరిచి ఉన్నచోట వంగితే నామోషీ లేదనుకున్నాను. తెల్లారి పోయి పీటమీద కూచున్నాను.

పాఠం సాగింది. లంకలో జనం ఇంగ్లీషును వాడుకలో కడువ అంటారు. అంటే కత్తి. చేతిలో ఉన్నవాడు లేనివాణ్ణి నరుకుతాడు. అందుకే 1956లో సింహళమే ఏకైక అధికార భాష అని చట్టం చేయించడానికి చాలామంది భిక్షువులు ముందు నిలబడ్డారు. ఆ చట్టం తమిళుల మీద ఇంకో కత్తి అయింది. అదే ఏడు అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నాడు. అరవై ఏండ్లు దాటినంక ఆ దేశంలో చిన్న భిక్షువులు నా దగ్గర కడువ పట్టడం నేర్చుకుంటున్నారు. అందరూ పేద రైతుల పిల్లలే.

సింహళంలో మామూలు మనిషి తింటే కనవా అంటారు. భిక్షువు తింటే వళందనవా అనాలి. ఒకరోజు ఒక పిల్లవాడు లేచి అడిగాడు.

"భిక్షువు తింటే ఇంగ్లీషులో ఏమంటారు?"

"ఈట్."

"మీరు తింటే?"

"ఈట్."

"కుక్క తింటే?"

"అదీ ఈటే."

క్లాసంతా పడిపడి నవ్వింది. నేను బోర్డుమీద యూ అని రాశాను. మా భాషలో ఒరే ఉంది, నువ్వు ఉంది, మీరు ఉంది, తమరు ఉంది. పిలుపు వింటే చాలు, ఎవడు అరుగు మీద ఉన్నాడో ఎవడు కింద ఉన్నాడో తెలుస్తుంది. ఇంగ్లీషులో దొరకూ జీతగానికీ ఒక్కటే యూ. ఇంగ్లీషోడు మంచోడని కాదు, వాడు మీ దేశాన్నీ మా దేశాన్నీ తొక్కిపెట్టినవాడే. కాని ఈ ఒక్క మాటలో అరుగు లేదు అని చెప్పాను. అందరికన్నా చిన్నవాడు నా ముఖంలోకి చూసి "హౌ ఆర్ యూ" అన్నాడు. వాడు కుర్చీలో, నేను పీటమీద. మాట మాత్రం సమానంగా ఉంది.

అక్కడ పౌర్ణమి పండుగను పోయ అంటారు. పోయ నాడు విహారంలో డోళ్లు మోగేవి. ఆ చప్పుడుకు మా అయ్య డప్పు గుర్తొచ్చేది. వాయించేవాళ్లు బెరవా కులం. డోలే వాళ్ల కులవృత్తి. డోలు వాయించే ఒకాయన కొడుకు, పన్నెండేండ్లుంటాయి, విహారం వాకిలి ఊడ్చి, కిటికీ బయట నిలబడి నా పాఠం వినేవాడు. లోపలివాళ్లకన్నా ముందు వాడి పెదవులు జవాబు చెప్పేవి. పెద్దయితే ఏమవుతావని ఒకరోజు అడిగాను. భిక్షువునవుతానన్నాడు. "ఇక్కడనే చేరతావా?" అంటే లేదన్నాడు. "ఇక్కడ మమ్మల్ని తీసుకోరు."

తర్వాత చదివి తెలుసుకున్నాను. 1753లో సియాం దేశం నుంచి వచ్చిన భిక్షువు కాండీలో, ఆగిపోయిన ఉపసంపదను మళ్లీ నిలబెట్టాడు. చిత్రమేమిటంటే ఆయన పేరు కూడా ఉపాలి. మంగలి పేరు పెట్టుకున్నాయన మొదలుపెట్టిన సియాం నికాయ కొన్నేండ్లకే గొవిగమ అనే ఒక్క కులానికి బిగుసుకుపోయింది. గొవిగమ అంటే అక్కడ వ్యవసాయం చేసే పెద్దకులం. కాండీలోని మల్వత్త, అస్గిరియ శాఖల్లో ఇవాళ్టికీ ఆ కట్టుబాటే. మిగతా కులాలు ఊరుకోలేదు. దాల్చినచెక్క ఒలిచే సలాగమ కులం నుంచి కొందరు 1799లో ఓడెక్కి బర్మా పోయారు. అమరపురలో ఉపసంపద తీసుకొని 1803లో తిరిగొచ్చారు. అట్లా అమరపుర నికాయ పుట్టింది. అది చదువుతుంటే నా గుండె పొంగింది. ఆ నికాయ కూడా తర్వాత మళ్లీ కులాల వారీగా చీలిందని చదివినంక పొంగు చల్లబడింది.

పెద్ద భిక్షువును అడిగాను. "ఇది బుద్ధుడు చెప్పాడా?" ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "బుద్ధుడు చెప్పలేదు. మనుషులు పెట్టారు. మేం తీసెయ్యలేదు" అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. నాకు ఆయన మీద కోపమూ రాలేదు. కాని తెల్లారి నుంచి నేను పీటమీద కూచోలేదు. తలుపు మూసి ఉన్నచోట చీవరానికి మొక్కడమంటే కులానికి మొక్కడమే. మిగిలిన ఆరు వారాలు నిలబడే చెప్పాను. దాన్ని పోరాటమని చెప్పుకోను. కాళ్లు నొప్పులు పుట్టడం తప్ప దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంకొకటి చేశాను. డోలాయన కొడుకును లోపలికి పిలిచి ఆ పీటమీద కూచోబెట్టాను. ఎవరూ కాదనలేదు. కాదనడానికేముంది? వాడు గృహస్థు, పీట వాడికి తగిన ఎత్తే. వాడు మాత్రం సంతోషంగా పలక పట్టుకొని కూచున్నాడు. నాకు గెలిచినట్టూ ఉంది, ఓడినట్టూ ఉంది.

తిరిగొచ్చినంక ఒక మీటింగులో ఇదంతా చెప్పాను. ఒక మిత్రుడు "అందుకే నాకు ఏ మతమూ వద్దు" అన్నాడు. ఇంకొకాయన "లంకోళ్ల తప్పును బుద్ధుడికి అంటగట్టొద్దు" అన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. కాని నాకు నిద్రపట్టనియ్యనిది వేరే ఉంది.

నా చిన్నప్పుడు మా గూడేనికి ఏడాదికొకసారి డక్కలోళ్లు వచ్చేవాళ్లు. వాళ్లు మమ్మల్ని అడుక్కొని బతికే కులం. మా జాంబపురాణం మాకు చెప్పేది వాళ్లే. అయినా గూడెం బయటనే గుడిసెలు వేసుకోవాలి. మా ఇండ్లల్లకు రానిచ్చేవాళ్లం కాదు. పటేల్ భార్య మా అమ్మ దోసిట్లో నీళ్లు పైనుంచి పోసినట్టే, మా అమ్మ వాళ్ల దోసిట్లో పోసేది. చెంబు అందించింది నేనే. నా ఈడు డక్కలి పిల్లగాడొకడు నన్ను దొరా అన్నాడు. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే, నాకది బాగనిపించింది.

2024 ఆగస్టు 1న ఎస్సీల వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు మా గూడెంలో డప్పులు మోగాయి. నేనూ సంబరపడ్డాను. అది మా న్యాయమైన వాటా. మరి ఆ డప్పుల చప్పుట్లో డక్కలి పిల్లగాని గొంతు ఎవరికి వినబడింది? సలాగమోళ్లు ఓడెక్కి పోయి తెచ్చుకున్న సంఘమే మళ్లీ కులాల కింద చీలితే లంకను తప్పుపట్టిన నేను, మా గూడెం తలుపు సంగతి ఏం చెప్పాలి?

నేను ఇప్పుడు ఎవరి ముందైనా వంగే ముందు ఒకటే అడుగుతాను. ఈ ఎత్తు మీదికి ఎక్కడానికి నా బిడ్డకు దారి ఉందా? ఉంటే వంగుతాను. లేకుంటే నిలబడతాను. ఇది సులువు. ఎవరన్నా నా ముందు వంగినప్పుడు వాళ్ల బిడ్డ తరఫున అదే ప్రశ్న నన్ను నేను అడుక్కోవడం కష్టం.

ఈ మధ్య వారానికి రెండు రోజులు మా మండలంలో డక్కలి పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. ఆటోకు ఇరవై రూపాయలు. మా అమ్మ చెంబు పట్టుకొని నిలబడ్డ కాలం నుంచీ ఆ పని అక్కడనే ఉంది. నేనే సముద్రం అవతల వెతుక్కున్నాను. మొదటిరోజు వాళ్లు నాకు ఎక్కణ్ణుంచో కుర్చీ తెచ్చివేసి, తాము నేలమీద కూచున్నారు. నేను కుర్చీ పక్కకు జరిపి నేలమీద కూచున్నాను.

పిల్లలు ఇంకో మూర వెనక్కి జరిగారు. ఆ మూర దూరం పోయేదాకా నేను పోతూనే ఉంటాను.